బొమ్మలప్పని అడగండి

పోయిన నెల సంపాదకులు ఫోన్ చేసి, ఈసారి పాఠకుల ప్రశ్నలకి జవాబులు మీరు రాయాలన్నారు. పిల్లల కోసం బొమ్మల నవలలు గీసుకునే దాన్ని, నన్నెవరు ఏమడుగుతారు, ఓ పది ఉత్తరాలొస్తే గొప్ప అనుకున్నాను. విజయనగరంలో మా ఇంటి గుమ్మం దగ్గర కొరియర్ కుర్రాడిచ్చిన కవరు పట్టుకోడానికి రెండు చేతులూ కావాల్సి వచ్చాయి. సగం పిల్లలు రాసినవే. కొన్నిట్లో ప్రశ్న లేదు, బొమ్మే ఉంది. చాలామంది ‘బొమ్మలప్పకి’ అని మొదలుపెట్టారు. మా శ్రీకాకుళం వైపు అక్కని అప్ప అంటాం. చెన్నైలో ఉన్న తెలుగువాళ్లు నాన్న అనుకుని కంగారుపడొద్దు. అన్ని ఉత్తరాలకీ ఇక్కడ చోటు చాలదు కాబట్టి ఒకేలాంటి ప్రశ్నల్ని కలిపేశాను.

ప్రశ్న: మీరు బొమ్మలు ఎక్కడ నేర్చుకున్నారు? ఫైన్ ఆర్ట్స్ చదివారా? మా అబ్బాయి ఇంటర్ అయ్యాక అదే చదువుతానంటున్నాడు. ఏం చెయ్యాలో తోచడం లేదు.
– ఒక తల్లి, ఆమదాలవలస

నేను చదివింది బీకామండీ. బొమ్మలు గోడల మీద నేర్చుకున్నాను. బొమ్మలనడం కూడా తప్పే, ముందు నేర్చుకున్నది అక్షరాలు.

మా నాన్నగారు శ్రీకాకుళంలో బోర్డు ఆర్టిస్టు. దుకాణాల పేర్లు, లారీల వెనక రాతలు, బడి గోడల మీద సూక్తులు, ఎన్నికలప్పుడు గుర్తులు, అన్నీ రాసేవారు. ఆదివారాలు ఆయన సైకిలు వెనక క్యారేజీ మీద నేను, నా ఒళ్లో రంగు డబ్బాలు. ఎనామిల్ పెయింటు వాసనా కిరసనాయిలు వాసనా కలిస్తే నాకిప్పటికీ ఆదివారమే గుర్తొస్తుంది. తొమ్మిదేళ్లప్పుడు నాకిచ్చిన ఉద్యోగం, ఆయన గీసిన అక్షరాల లోపల రంగు నింపడం. దారానికి సుద్దపొడి పట్టించి, ఒక కొస ఆయన, ఒక కొస నేను పట్టుకుని, మధ్యలో లాగి వదిలితే గోడ మీద తిన్నగా గీత పడేది. ఆ ‘టప్’ అనే చప్పుడు కోసమే వెళ్లేదాన్నేమో.

పన్నెండో ఏట ఒక బోర్డు మొత్తం నా చేతికిచ్చారు. ‘కిరాణా జనరల్ స్టోర్స్’. సంబరంగా ఎడమ నుంచి మొదలుపెట్టాను. ‘కిరాణా’ ఠీవిగా వచ్చింది. ‘జనరల్’ కొంచెం సన్నబడింది. ‘స్టో’ దగ్గరికొచ్చేసరికి బోర్డు అయిపోయింది. ‘ర్స్’ని కింద, తలుపు చట్రం మీద రాశాను. దుకాణదారుడు బయటికొచ్చి చూసి, “ఏటమ్మా, తలుపుక్కూడా పేరెట్టినావా?” అన్నాడు.

నాన్నగారు తిట్టలేదు. కిరసనాయిల్లో గుడ్డ ముంచి అంతా తుడిచేశారు. “ఎన్ని అక్షరాలు?” అన్నారు. లెక్కపెట్టి తొమ్మిదన్నాను. “తప్పు. పదకొండు. మాటకీ మాటకీ మధ్య ఖాళీలు రెండున్నాయి, వాటినీ లెక్కెట్టు. ఇప్పుడు నడిమి అక్షరం ఏది?” ‘న’. “బోర్డు నడిమిన ‘న’ పెట్టు. అక్కణ్ణుంచి అటూ ఇటూ పో.” అలాగే రాశాను, సరిపోయింది. ఆ బోర్డు చాలా ఏళ్లే ఉంది.

ఈ రోజుకీ పేజీ గళ్లు వేసేటప్పుడు గడికీ గడికీ మధ్య వదిలే ఖాళీని నేను లెక్కలో కలుపుకుంటాను. ఒక గడిలో పిల్ల చెట్టెక్కుతోంది, పక్క గడిలో కట్టు కట్టిన చేత్తో మంచం మీదుంది. పడిపోవడం ఎక్కడుంది? ఆ ఖాళీలో. అది గీసేది నేను కాదు, చదివే పిల్ల. కామిక్సు గురించి నేను తర్వాత చదివిన పుస్తకాలన్నీ ఇదే మాట బోలెడు పేజీల్లో చెప్పాయి. నాకు నాన్నగారు కిరసనాయిలు గుడ్డతో చెప్పేశారు.

ఇక మీ అబ్బాయి సంగతి. నన్ను చూసి కాలేజీ మాన్పించకండి. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఫైన్ ఆర్ట్స్ విభాగం ఉంది, దగ్గరే. ఎముకలు ఎక్కడ వంగుతాయి, వెలుగు ఎటు పడుతుంది అన్నవి నేను ముప్పై ఏళ్లు దాటాక తిప్పలుపడి నేర్చుకున్నాను. వాడు పద్దెనిమిదికే నేర్చుకుంటే పన్నెండేళ్లు మిగులుతాయి కదా. మాస్టార్లతో పాటు తోటి పిల్లలు కూడా దొరుకుతారు, నాకు ఆ వయసులో దొరకనిది అదే.

ప్రశ్న: మీ మీద ఎవరి ప్రభావం ఎక్కువ? బాపు గారా, చందమామ చిత్రకారులా, విదేశీ కామిక్సా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, పార్వతీపురం

చందమామేనండీ, అదీ సగం సగం చందమామ. 1947లో మొదలైన ఆ పత్రిక మా ఇంటికి చందా కట్టి ఎప్పుడూ రాలేదు. కందిపప్పు పొట్లంగా వచ్చేది. మా వీధి కొట్టాయన పాత పుస్తకాలు తూకానికి కొని పొట్లాలు కట్టేవాడు. అమ్మ పప్పు డబ్బాలో పోసేలోపు నేను కాగితం లాక్కుని ఒళ్లో పెట్టుకుని ఇస్త్రీ చేసినట్టు అరచేత్తో సాపు చేసేదాన్ని. రాజకుమారుడు గుహలోకి అడుగుపెట్టాడు, కాగితం అయిపోయింది. లోపల ఏముంది? వచ్చే పావుకిలో పప్పులో ఆ కథే రాదు కదా. అందుకని గుహలో ఉన్నదాన్ని నేనే నాన్నగారి సుద్దముక్కతో పెరట్లో రాతిపలక మీద గీసేసుకునేదాన్ని.

విక్రమార్కుడి బొమ్మ మాత్రం పదేపదే దొరికేది, ప్రతి నెలా వేసేవారు కాబట్టి. శంకర్ గారి బొమ్మ. కత్తి పట్టుకున్న రాజు, భుజం మీద శవం, చుట్టూ శ్మశానం. ఆయన 2020లో పోయారు. ఆ రోజు ఆ బొమ్మని మళ్లీ ముందేసుకుని కూర్చున్నాను. చిన్నప్పుడు భయానికే చూశాను. ఇప్పుడు చూస్తే తెలిసింది, అందులో ముందు జరిగిందీ ఉంది, తర్వాత జరగబోయేదీ ఉంది. శవాన్ని చెట్టు మీంచి దించేశాడు, ఇంకా నోరు విప్పలేదు, నడుస్తున్నాడు. ఒక్క బొమ్మలో మూడు గళ్లు.

వడ్డాది పాపయ్య గారు 1921లో మా శ్రీకాకుళంలోనే పుట్టారు. ‘వపా’ అని సంతకం చేసేవారు. ఆయన ముఖచిత్రాలు పొట్లాలకి వచ్చేవి కావు, అట్ట దళసరి. కొట్టాయన వాటిని చించి కొట్లో గోడకి అంటించుకునేవాడు. ఉప్పు కొనడానికి వెళ్లి గోడ చూస్తూ నిలబడితే, “ఏటి గుంటా, ఉప్పు కావాలా, గోడ కావాలా?” అనేవాడు. గోడే కావాలనిపించేది. ఆ పసుపూ ఆ ఊదా ఎక్కడివో, మా ఎనామిల్ డబ్బాల్లో అలాంటివి లేవు. నాన్నగారినడిగితే, “అది డబ్బాలో ఉండదమ్మా, కలుపుకోవాలి” అన్నారు.

ఇంకో గోడ శ్రీకూర్మంలో ఉంది. మా నాయనమ్మ నన్ను కూర్మనాథస్వామి గుడికి తీసుకెళ్లేది. ప్రదక్షిణ చేసే మంటపం గోడల మీద పాతకాలపు రంగుల బొమ్మలున్నాయి. అక్కడక్కడా పెచ్చులూడిపోయి, ఒకరికి తల ఉండదు, ఒకరికి గుర్రం ఉంటుంది గానీ కాళ్లుండవు. నడుస్తూ చూడాల్సిన బొమ్మలవి. మనం కదిలితే కథ కదులుతుంది. నాయనమ్మ దేవుడికి దణ్ణం పెట్టుకునేది, నేను తాబేళ్ల దగ్గర కూర్చునేదాన్ని. ఆ గుళ్లో నక్షత్ర తాబేళ్లుంటాయి. నోట్‌బుక్కు వెనక పేజీలో వాటిని గీసేదాన్ని. బొమ్మ నేర్చుకునేవాళ్లకి అంత మంచి మోడలు దొరకదు. పిల్లి, కోడి, తమ్ముడు, ఎవరూ అంతసేపు కదలకుండా ఉండరు. నా మొదటి పుస్తకం తాబేలు మీదే ఎందుకు వచ్చిందని కొందరు అడిగారు, అందుకే.

పెద్దయ్యాక శ్రీకాకుళంలో కథానిలయానికి వెళ్లేదాన్ని. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో తెలుగు కథ కోసమే పెట్టిన గ్రంథాలయం. అందరూ అక్కడికి కథలు చదవడానికొస్తారు. నేను పాత పత్రికలు తీసి కథల పక్కన వేసిన బొమ్మలే చూసేదాన్ని. కథ చదవకుండా బొమ్మ చూసి కథ ఏమై ఉంటుందో ఊహించుకుని, ఆ తర్వాత చదివి సరిచూసుకోవడం నా ఆట. బొమ్మ ముందే అంతా చెప్పేసిన చోట నాకు కోపమొచ్చేది.

విదేశీవి చాలా ఆలస్యంగా చూశాను. బాపు గారి గీత చూసి ఏడుపొచ్చిందని మాత్రం రాసుకోండి. అంత తక్కువ గీతలతో అంత మాట చెప్పడం నా వల్ల కాదు.

ప్రశ్న: కామిక్ బుక్కుకీ గ్రాఫిక్ నవలకీ తేడా ఏమిటి?
– డిగ్రీ విద్యార్థి, చీపురుపల్లి

వెన్ను. నిలబెడితే బీరువాలో నిలబడేదాన్ని గ్రాఫిక్ నవల అంటున్నారు, నడుం విరిగి పడిపోయేది కామిక్కు. సగం హాస్యానికన్నాను. ‘గ్రాఫిక్ నవల’ అన్న మాట అమెరికాలో 1978లో విల్ ఐస్నర్ పుస్తకం అట్ట మీద పడ్డాక బాగా వ్యాపించింది. 1992లో ఆర్ట్ స్పీగల్‌మన్ ‘మౌస్’కి పులిట్జర్ వాళ్లు ప్రత్యేక బహుమతి ఇచ్చారు, దాంతో పెద్దమనుషులు కూడా చంకలో పెట్టుకుని తిరగడం మొదలెట్టారు. మన దేశంలో ఒరిజిత్ సేన్ నర్మద ఆనకట్టల గొడవ మీద 1994లో గీసిన పుస్తకాన్ని మొదటిదిగా చెబుతారు. మా అమ్మ అన్నిటినీ ‘బొమ్మల బుక్కు’ అనే అంటుంది. పొడుగు కథ కాబట్టి నేను బొమ్మల నవల అంటాను.

ప్రశ్న: అప్పా, నాకు మొహాలు బాగా వస్తాయి. చేతులు రావు. చేతులన్నీ వంకాయల్లాగా వస్తున్నాయి.
– ఏడో తరగతి అమ్మాయి, పొందూరు

బంగారూ, నేను ఆరేళ్లపాటు నా బొమ్మల్లో అందరి చేతులూ వెనక్కి కట్టేశాను. లేకపోతే జేబుల్లో పెట్టించాను. లంగా ఓణీ పిల్లకి జేబులేంటని మా తమ్ముడు నవ్వేవాడు.

నాకు చేతులొచ్చింది మీ ఊళ్లోనే. పొందూరు ఖద్దరు చేసేవాళ్ల ఇంటికి వెళ్లి కూర్చున్నాను. వాలుగ చేప దవడ ఎముకతో దూదిని దువ్వుతారు చూడు, సన్నటి పళ్లుంటాయి దానికి. ఒక మామ్మ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఆ ఎముకని పట్టుకుని, చిటికెడు దూది తీసుకుని దువ్వుతోంది. మిగతా మూడు వేళ్లూ ఏం చేస్తున్నాయా అని చూశాను. చిటికెన వేలు గాల్లో ఉంది. ఉంగరం వేలు దానికి తోడుగా కొంచెం వంగింది. ఆ రోజు అరవై చేతులు గీసుంటాను. చెయ్యి గీద్దాం అనుకుంటే వంకాయే వస్తుంది. చెయ్యి దేన్నైనా పట్టుకున్నప్పుడు, ముందు ఆ వస్తువుని గీసి, తర్వాత దాని చుట్టూ వేళ్లు గీసి చూడు. గ్లాసు, చీపురు, మామిడికాయ, ఏదైనా సరే. ఈ ఆదివారం ఆ వీధికెళ్లు. అడిగి కూర్చో, ఏమీ అనరు, మజ్జిగ కూడా ఇస్తారు.

ప్రశ్న: మీ పుస్తకాల్లో పిల్లలు ‘ఏటి’, ‘బేగి’, ‘నానొస్తాను’ అంటుంటారు. ఇవి చదివి మా పిల్లలు పరీక్షల్లో అలాగే రాస్తే మార్కులెవరిస్తారు? మంచి తెలుగు రాయొచ్చు కదా.
– ఇద్దరు పిల్లల తండ్రి, విజయనగరం

ఈ ఉత్తరం చదివి కొంచెం ఉడుక్కున్నానండీ. మళ్లీ చదివితే మీ టెన్షన్ అర్థమైంది. నా పద్ధతి చెబుతాను. గడి పైన డబ్బాలో వచ్చే కథనం మామూలు తెలుగులోనే ఉంటుంది. బెలూన్లలో మాత్రం ఎవరి నోటిమాట వాళ్లదే. ఏది ఎక్కడ వాడాలో పిల్లలకి మనకంటే బాగా తెలుసు. బళ్లో టీచరుతో ఒకలా, ఇంటికొచ్చి నాయనమ్మతో ఒకలా మాట్లాడటం వాళ్లకి రోజూ ఉన్న పనే.

నా మూడో పుస్తకంలో ఒక గడిలో పిల్ల ఇలా అరుస్తుంది: “అప్పా, బేగి రా! గుంటడు సెట్టెక్కీసినాడు!” ప్రచురణకర్తల దగ్గర దాన్ని ఎవరో దిద్దారు. “అక్కా, త్వరగా రా! పిల్లవాడు చెట్టెక్కేశాడు!” అని అచ్చులోకి వెళ్లబోయింది. ప్రూఫు చూసి అడ్డుపడ్డాను. దిద్దిన వాక్యంలో తప్పేం లేదు. కానీ ఆ పిల్ల కంగారంతా పోయింది. వార్తలు చదివినట్టుంది. నాలుగు రోజులు ఫోన్లలో వాదించుకుని, చివరికి నా మాటే నిలబెట్టుకున్నాను, బదులుగా నాకిష్టమైన అట్ట రంగు వదులుకున్నాను.

సినిమాల్లో మన యాస ఎవరి నోట వినిపిస్తుందో గమనించండి. పనిమనిషి, అమాయకుడు, నవ్వులపాలయ్యేవాడు. నా పుస్తకాల్లో లెక్కలు బాగా చేసే పిల్ల ఆ యాసలో మాట్లాడుతుంది. అంతకంటే ఉద్యమమేమీ లేదు. ఉద్యమం చేసినవాళ్లు వేరే ఉన్నారు. గిడుగు రామమూర్తి గారు 1863లో మన శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలోనే పుట్టారు. సవర పిల్లలకి సవర భాషలోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చుకుని మరీ వాచకాలు రాశారు. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజుని తెలుగు భాషా దినోత్సవం అంటూ మనం గ్రాంథికంలో ఉపన్యాసాలిస్తాం.

మార్కులు పోతే నాకు రాయండి, మీ వాడికి నేనే ఒక బొమ్మ గీసి పంపుతాను.

ప్రశ్న: ఇంగ్లీషు కామిక్సులో పెద్దపెద్ద అక్షరాల్లో చప్పుళ్లు వేస్తారు కదా. తెలుగులో అవి బాగుంటాయా?
– ఇంజనీరింగ్ విద్యార్థి, రాజాం

బాగుండటమా! ఈ విషయంలో మనకున్న ఆస్తి చూస్తే వాళ్లు కుళ్లుకుంటారు. చప్పుళ్ల సంగతి సరే, దబ్బున, ధడేల్మని, కిర్రుమని, గలగలా, పెళపెళా. చప్పుడు లేని వాటిక్కూడా మన దగ్గర చప్పుళ్లున్నాయి. నేరేడుపండు నిగనిగ. నిప్పు కణకణ. ఇత్తడి చెంబు తళతళ. దారి తప్పిన పిల్ల బిక్కుబిక్కు. పండు ఏం చప్పుడు చేస్తుంది చెప్పండి? అయినా నేరేడుపండు పక్కన ‘నిగనిగ’ అని గుండ్రటి అక్షరాల్లో రాసి, ‘గ’ మీద తెల్లటి మెరుపు చుక్క పెడితే, చదివే పిల్ల నోట్లో నీళ్లూరతాయి.

ఈ అక్షరాలు నేను చేత్తోనే రాస్తాను. అచ్చు ఫాంట్లు చప్పుళ్లకి పనికిరావు, ‘ధడేల్’ కూడా పెళ్లి శుభలేఖలాగే కనబడుతుంది. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద వత్తు ఉంటాయి కాబట్టి వరసకీ వరసకీ మధ్య ఇంగ్లీషు కన్నా ఎక్కువ చోటు కావాలి. బెలూను పెద్దదవుతుంది, బొమ్మకి చోటు తగ్గుతుంది. కొత్తవాళ్లు బొమ్మ గీసేసి చివర్లో బెలూను ఇరికిస్తారు, ‘స్త్రీ’ అని రాయాల్సొచ్చినప్పుడు తెలుస్తుంది. నేను ముందు మాటలు రాసి, బెలూన్లు వేసి, మిగిలిన చోటులో బొమ్మ గీస్తాను. బోర్డు రాసినట్టే.

ప్రశ్న: ఒక పుస్తకానికి ఎంతకాలం పడుతుంది? ఎలా మొదలుపెడతారు? కంప్యూటరా, కాగితమా?
– ఇద్దరు ముగ్గురు అడిగారు

48 పేజీల పుస్తకానికి ఏడాది పైనే. పేజీకి మూడు రోజులు, ఆ పైన చింపేసినవి. పుస్తకం పేజీలు పదహారేసి చొప్పున ఒక ఫారంగా అచ్చవుతాయి, అందుకే 48. కథ 50 పేజీలొస్తే రెండు పేజీలు కొయ్యాల్సిందే. ముందు అగ్గిపెట్టెంత సైజులో పేజీలన్నీ ఒకే షీటు మీద గీసుకుంటాను. మనుషులు చీమల్లాగుంటారు. ఆ దశలో చూసుకునేది ఒక్కటే, కుడిచేతి పేజీ చివరి గడిలో ఏముంది? పేజీ తిప్పించే గడి అది. తలుపు చప్పుడైందనుకోండి, అది కుడిపేజీ చివర. తలుపు వెనక ఎవరున్నారన్నది తిప్పాక. ఎడమ పేజీ చివర ఆ గడి పెడితే పిల్లల కన్ను పక్క పేజీ మీదకి ముందే దొంగతనంగా వెళ్లిపోతుంది.

పెన్సిలూ ఇంకూ కాగితం మీద, నిబ్బు కలంతో. రంగులు ట్యాబ్లెట్లో.

ఓసారి సిరిమానోత్సవం గీశాను. దసరా తర్వాత మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి పూజారి చింతమాను కొసన కూర్చుని, గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు గాల్లో ఊరేగుతారు. నిలువు పేజీలో మాను పట్టదు, అడ్డంగా వేస్తే జనం పట్టరు. రెండు పేజీలూ కలిపేసి పుస్తకాన్నే తిప్పి చూసేలా గీశాను, ఎంత తెలివో అని మురిసిపోయాను. అచ్చై వచ్చాక చూస్తే పూజారి మొహం సరిగ్గా బైండింగు మడతలో పడింది. మాను ఉంది, జనం ఉన్నారు, ఆకాశం ఉంది, పూజారి లేరు. తప్పు ప్రెస్సువాళ్లది కాదు, మడతకి అర అంగుళం వదలాలని తెలిసీ వదల్లేదు. మా వీధిలో ఒక పెద్దావిడ పుస్తకం చూసి, “అమ్మవారికి కోపమొచ్చిందేమో” అంది. మళ్లీ అచ్చుకి మాను కొంచెం పక్కకి వంచాను.

ప్రశ్న: మీ కొంగల పుస్తకం రెండో ముద్రణలో మొదటి పేజీ మార్చారు. ఎందుకు?
– గ్రంథాలయ ఉద్యోగి, టెక్కలి

గమనించారన్నమాట. ఎవరూ చూడలేదనుకున్నాను. మీ టెక్కలి దగ్గరి తేలినీలాపురం పక్షుల మీద గీసిన పుస్తకమది. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి ఊళ్లో ఇళ్ల మధ్య చెట్ల మీదే గూళ్లు పెడతాయి. అవి వస్తేనే ఊరికి మంచిదని అక్కడివాళ్ల నమ్మకం. ‘సైబీరియా పక్షులు’ అని చిన్నప్పట్నుంచీ విన్నాను. పేపర్లలో చదివాను. అందుకని మొదటి పేజీలో మంచు, పొగలు కక్కే ఊపిరి, బొచ్చు టోపీ పెట్టుకున్న సైబీరియా పిల్లాడు టాటా చెబుతుంటే గూడబాతులు ఎగిరొస్తున్నట్టు గీశాను. నేను గీసిన మంచి పేజీల్లో అదొకటి.

పుస్తకం వచ్చాక, పక్షుల్ని చూడటమే పనిగా తిరిగే ఒక మాస్టారు ఫోన్ చేశారు. “అమ్మా, బొమ్మ బాగుంది. కానీ మనకొచ్చే గూడబాతు సైబీరియా మొహం కూడా చూసుండదు. అది దక్షిణాసియా పక్షే. ఎర్రకాళ్ల కొంగ కూడా ఇక్కడిదే. నీళ్లనీ చేపల్నీ చూసుకుని ఈ చుట్టుపక్కలే తిరుగుతాయి.” రెండు రోజులు వాదించాను. పుస్తకాలు తిరగేసి చూస్తే ఆయనదే నిజం. మొత్తానికి ఆ బొచ్చు టోపీ పిల్లాణ్ణి తీసేసి, చేపలవల ఆరేసుకుంటున్న పిల్లాణ్ణి పెట్టాను. మొదటి ముద్రణ మీ గ్రంథాలయంలో ఉంటే ఆ పేజీ పక్కన పెన్సిలుతో ఒక మాట రాయండి.

ప్రశ్న: పిల్లల పుస్తకాల్లో విషాదం ఉండొచ్చా? మీ తుపాను పుస్తకం చదివి మా పాప ఏడ్చింది.
– ఒక తల్లి, పలాస

2018 అక్టోబరు 11 తెల్లారగట్ల తిత్లీ మీ వైపే తీరం దాటింది కదండీ. మీరు చూసినదాంట్లో నేను గీసింది పావలా వంతు కూడా ఉండదు. కొన్ని వారాలయ్యాక ఉద్దానంలో చుట్టాల ఊరికి వెళ్లి, పిల్లలకి కాగితాలూ రంగులూ ఇచ్చాను. తుపాను గీయమని అనలేదు, మీ ఇల్లు గీయండన్నాను. ఒక పిల్లాడు ఇల్లు గీసి, పక్కన పచ్చటి గీతలు అడ్డంగా వరసగా గీశాడు. చేను అనుకున్నాను. “సెట్లు” అన్నాడు. పడుకున్నాయేంటని అడిగితే నన్ను వింతగా చూసి, “మా తోట అలాగే ఉంటాది” అన్నాడు. కొబ్బరి మొక్క నాటితే కాపుకొచ్చేసరికి వాడు పెద్ద తరగతుల్లో ఉంటాడు. ఆ అడ్డగీతల చెట్లనే పుస్తకంలో వాడాను, నిలువు చెట్టు చివరి పేజీ దాకా రాదు. పాప ఏడిస్తే పక్కన కూర్చుని, మీ ఇంట్లో ఆ రాత్రి ఏం జరిగిందో మీరు చెప్పండి. నా పుస్తకం పక్కన పెట్టేసినా పర్వాలేదు.

ప్రశ్న: దీని మీద బతకొచ్చా? ఇప్పుడు కంప్యూటరే బొమ్మలు గీసేస్తోందిగా?
– పేరు రాయలేదు

పుస్తకాల మీదే అయితే బతకలేం. పాఠ్యపుస్తకాలకి బొమ్మలు, బళ్లలో వర్క్‌షాపులు, అడపాదడపా క్యాలెండర్లు, ఇవన్నీ కలిపితే ఇల్లు గడుస్తుంది. ఇంట్లో ఇంకో జీతం ఉండటం కూడా ఒక కారణం, అది దాచను.

కంప్యూటరు సంగతి. ఫ్లెక్సీలు వచ్చినప్పుడు మా నాన్నగారి పని రెండు మూడేళ్లలో సగానికి సగం పడిపోయింది. తర్వాత సగంలో సగం. నేను అదే ఫ్లెక్సీ షాపులో చేరి, పుట్టినరోజు నాయకుల తలల చుట్టూ కత్తిరిస్తూ ఫోటోషాప్ నేర్చుకున్నాను. ఆ జీతంతోనే మా తమ్ముడి ఫీజు కట్టాం. నాన్నగారు ఓ సాయంత్రం షాపుకొచ్చి, మిషన్లోంచి పదడుగుల బ్యానరు ఇలా జారిపోతుంటే చూసి, “అక్షరాల మధ్య ఎడం బాలేదు” అని వెళ్లిపోయారు. నిజంగానే బాలేదు. కస్టమరు మాత్రం పట్టించుకోలేదు. నాకు భయం లేదని చెప్పను. మధ్యాహ్నం పూట ఆ భయం ఎక్కువగా ఉంటుంది, పొద్దున్న పనిలో ఉండి గుర్తురాదు.

ప్రశ్న: బొమ్మలప్పా, మీ తాబేలు పుస్తకంలో 14వ పేజీలో తాబేలుకి ఐదు కాళ్లు ఉన్నాయి. నేను మూడుసార్లు లెక్కపెట్టాను. మా అన్నయ్య కూడా లెక్కపెట్టాడు.
– మూడో తరగతి, బొబ్బిలి

నీ ఉత్తరం రాగానే పుస్తకం తీశాను. ఐదే. ఒకటి తోక అని చెప్పి తప్పించుకుందామనుకున్నాను గానీ, తోక దాని పక్కనే ఉంది. ఇన్నేళ్లూ ఎవరూ చెప్పలేదు. ముందు ఒక కాలు ముడుచుకున్నట్టు గీసి, బాలేదని చాపినట్టు ఇంకోటి గీసి, మొదటిది చెరపడం మర్చిపోయుంటాను. మా నాన్నగారికి చూపించాను. ఆయనకిప్పుడు డెబ్బై ఎనిమిదేళ్లు. కళ్లజోడు పెట్టుకుని, వేలు పెట్టి ఒక్కో కాలూ లెక్కపెట్టి, “కిరసనాయిలు గుడ్డ తే” అన్నారు.